నర్సులకు, ఇంజనీర్లకు ఇంగ్లీషు చెప్పబోయే టీచర్లకి అసలు ఏం నేర్పాలి?

ఎర్రసిరా:

అందరికీ నమస్కారం. నేను పద్నాలుగేళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నాను. మొదట్లో అంతా మామూలు ఇంగ్లీషే, గ్రామర్, స్పోకెన్, వ్యాసరచన. గత మూడేళ్లుగా నర్సింగ్ విద్యార్థులకు చెబుతున్నాను. ఇప్పుడు కొత్త పని అప్పగించారు: కొత్తగా చేరిన ఎనిమిది మంది టీచర్లకి ఆరు వారాల ట్రైనింగ్ ఇవ్వాలి. వాళ్లలో సగం మంది నర్సింగ్ వాళ్లకి, సగం మంది ఇంజనీరింగ్‌లో రీసెర్చ్ చేసేవాళ్లకి చెప్పబోతున్నారు. అందరూ ఇంగ్లీషు సాహిత్యం చదివి వచ్చినవాళ్లే, ఆ సబ్జెక్టులు ఎవరికీ రావు. నాకూ రావు.

ఎందుకింత టెన్షన్ పడుతున్నానో చెప్తాను. నర్సింగ్ క్లాసు తీసుకున్న మొదటి ఏడాది ఒక అమ్మాయి కేస్ నోట్ రాసి తెచ్చింది. అందులో ‘పేషెంట్ డినైస్ చెస్ట్ పెయిన్’ అని ఉంది. డినై అంటే తప్పు మోపితే కాదనడం కదా, పాపం రోగిని అబద్ధాలకోరులా చూపిస్తోందేమిటి అనుకుని కింద గీత గీసి ‘డజ్ నాట్ హావ్’ అని దిద్దాను. ఇంకో రెండు లైన్ల కింద ‘అబ్డామెన్ టెండర్’ అని ఉంటే, పొట్టని టెండర్ అనరమ్మా అని చెప్పి ‘సాఫ్ట్’ అని మార్చాను. ఆ అమ్మాయి క్లాసులో ఏమీ అనలేదు. అందరూ వెళ్లాక వచ్చి, "మేడమ్, డినైస్ అంటే నొప్పి లేదని రోగి తన నోటితో చెప్పాడని అర్థం, మీరు దిద్దినట్టు రాస్తే లేదని నేనే తేల్చినట్టు అవుతుంది" అంది. టెండర్ అంటే నొక్కితే నొప్పి పుడుతోందని అట. అంటే నా ఎర్ర గీతతో నొప్పి ఉన్న పొట్ట నొప్పి లేని పొట్టగా మారిపోయింది. అది క్లాసు కాగితం కాబట్టి సరిపోయింది. ఆ కాగితం ఇప్పటికీ నా సొరుగులో ఉంది.

మా పైవాళ్లేమో ఒక్కో రంగానికి ఐదొందల పదాల లిస్టు తయారుచేసి టీచర్ల చేతిలో పెడితే చాలంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. టెండర్ అనే మాట ఆ లిస్టులో ఉన్నా, నాకు ముందే తెలిసిన మాటే కదా అని దాటేసేదాన్నే. ఈ పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఆరు వారాల్లో దేనికి ఎక్కువ టైమ్ ఇవ్వాలి? టీచర్‌కి ఆ సబ్జెక్టు ఎంతవరకు తెలియాలి?


హెడ్‌సెట్:

నేను పైలట్లకి, టవర్‌లోంచి రేడియోలో వాళ్లకి దారి చెప్పే కంట్రోలర్లకి ఇంగ్లీషు చెబుతాను. మీరు చెప్పిన దిద్దుబాటు సంగతి మా రంగంలో ఇంకా గట్టిగా తగులుతుంది, అందుకే రాస్తున్నాను.

మా దగ్గరికి కొత్త టీచర్ వస్తే మొదటి వారం ఎవరినీ దిద్దనివ్వం. ఎందుకంటే ఆ టీచర్‌కి తప్పులా వినిపించేవి చాలావరకు తప్పులు కావు. రేడియోలో మూడుని ‘ట్రీ’ అంటారు, ఐదుని ‘ఫైఫ్’ అంటారు, తొమ్మిదిని ‘నైనర్’ అంటారు. గరగర శబ్దంలో అంకెలు కలిసిపోకుండా అలా పెట్టారు. ఉచ్చారణ బాగా నేర్చుకున్న టీచర్ వచ్చి వాటిని సరిచేస్తే పైలట్‌కి చేసేది మేలు కాదు, కీడు. అలాగే ‘టేకాఫ్’ అనే మాట. 1977లో స్పెయిన్‌కి చెందిన టెనెరిఫే దీవిలో రన్‌వే మీద రెండు పెద్ద విమానాలు గుద్దుకుని 583 మంది చనిపోయారు. ఆ ప్రమాదానికి ఉన్న కారణాల్లో ‘వి ఆర్ నౌ ఎట్ టేకాఫ్’ అనే మాట ఒకటి. బయల్దేరేశాం అని పైలట్ ఉద్దేశమైతే, బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నారని టవర్‌లో అర్థమైంది. ఆ తర్వాత నిబంధన మారింది, టేకాఫ్ అనే మాటని అనుమతి ఇచ్చేటప్పుడు లేదా రద్దు చేసేటప్పుడు మాత్రమే వాడాలి, మిగతా చోట్ల ‘డిపార్చర్’ అనాలి. నిఘంటువులో ఈ రెండిటికీ పెద్ద తేడా కనపడదు. టీచర్ ఈ కథ తెలుసుకుంటే తప్ప, సమానార్థక పదాలంటూ రెండిటినీ ఒకే గడిలో పెట్టి నేర్పేస్తారు.

అలాగని కంఠస్థం చేయించిన వాక్యాలతోనూ పని జరగదు. 1990లో ఒక విమానం ఇంధనం అయిపోయి కూలింది, 73 మంది పోయారు. ఇంధనం అయిపోతోందని సిబ్బంది చెప్పారు, కానీ ‘ఎమర్జెన్సీ’ అన్న మాట టవర్‌తో అనలేదు. రేడియోలో మాట్లాడిన పైలట్‌కి ఇంగ్లీషు రాక కాదు, ఏ మాట అంటే అవతలివాళ్లు పరుగున కదులుతారో ఆ మాట పడలేదు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పెట్టిన ఆరు స్థాయిల్లో కనీసం నాలుగో స్థాయి రావాలంటే, సిద్ధంగా ఉన్న వాక్యాలు చాలని పరిస్థితిలో కూడా మామూలు మాటల్లో విషయం చెప్పగలగాలి. కాబట్టి టీచర్‌కి రెండూ రావాలి, ఆ రంగం బిగించి కట్టిన మాటల్ని ముట్టుకోకుండా వదిలేయడం, ఆ మాటలు అయిపోయిన చోట మామూలు ఇంగ్లీషుతో ఆదుకోవడం.

పదాల లిస్టు విషయంలో మీకు ఎందుకు మనసొప్పలేదో నాకు బాగా అర్థమైంది. తెలియని మాట దగ్గర టీచర్ ఎలాగూ ఆగుతారు. దెబ్బ తగిలేది తెలుసు అనుకున్న మాట దగ్గరే.


ఫుట్‌నోట్:

రీసెర్చ్ విద్యార్థుల వైపు నుంచి నేను చెప్తాను, పన్నెండేళ్లుగా అదే పని.

పదాల లిస్టుని పూర్తిగా తీసిపారేయకండి. ఆవరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రచురించిన అకడమిక్ వర్డ్ లిస్ట్‌లో 570 పద కుటుంబాలున్నాయి (ఒకే మూలం నుంచి పుట్టిన మాటల గుంపులు), అకడమిక్ రచనల్లో సుమారు పదో వంతు మాటలు వాటిలోంచే వస్తాయి. అది మంచి పనిముట్టే. కానీ అవే మాటలు ఒక్కో శాఖలో ఒక్కోలా నడుస్తాయి, అది లిస్టు చూస్తే తెలియదు. మా దగ్గర ఒక టీచర్ ‘స్ట్రెస్’, ‘స్ట్రెయిన్’ రెండూ ఒకటే అర్థం అని బోర్డు మీద రాశారు. మెకానికల్ వాళ్లకి స్ట్రెస్ అంటే వైశాల్యానికి ఇంత అని పడే బలం, స్ట్రెయిన్ అంటే దానివల్ల వస్తువు ఎంత నిష్పత్తిలో సాగిందో ఆ లెక్క. ఒకటి కారణం, ఒకటి ఫలితం. వెనక బెంచీలో ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, ఆ తర్వాత ఆ టీచర్ ఏం చెప్పినా ఆ క్లాసు నమ్మలేదు. ‘సిగ్నిఫికెంట్’ కూడా అంతే, గణాంకాలు వాడే పేపర్‌లో ఆ మాట రాస్తే ‘ముఖ్యమైన’ అని తీసుకోరు, ఆ తేడా ఊరికే వచ్చింది కాదని గణాంక పరీక్ష చేసి తేల్చారా అని అడుగుతారు.

మరి ట్రైనింగ్‌లో నేను చేయించేది ఏమిటంటే, ప్రతి టీచర్‌కీ వాళ్లు చెప్పబోయే శాఖలోంచే పది పేపర్లు ఇస్తాను. మొదట ఇంట్రడక్షన్ మాత్రమే. విషయం అర్థం కాకపోయినా పరవాలేదు, ప్రతి వాక్యం అక్కడ ఏం పని చేస్తోందో చూసి రంగు వేయమంటాను. ఈ విషయం ముఖ్యమని చెప్పే వాక్యాలకి ఒక రంగు, ఇంతవరకు ఎవరూ చేయని ఖాళీ చూపించే వాక్యాలకి ఇంకో రంగు, మేం ఆ ఖాళీని ఇలా పూడుస్తున్నాం అనేదానికి మరోటి. ఈ మూడు అడుగుల పద్ధతి జాన్ స్వేల్స్ చూపించింది, 1990లో వచ్చిన ఆయన పుస్తకం తర్వాత ఈ రంగంలో చాలామంది వాడుతున్నారు. మొదటి రోజు భయంభయంగా రంగులు వేసిన టీచర్లు నాలుగో పేపర్‌కి వచ్చేసరికి వాళ్లంతట వాళ్లే వాదించుకుంటారు, "ఇక్కడ ‘హవెవర్’ వచ్చింది, ఖాళీ ఇక్కణ్ణుంచి మొదలైంది" అని ఒకరు, "కాదు, అది ముందు వాక్యంలోనే మొదలైంది" అని ఇంకొకరు. ఆ వాదన వినడం నాకు ఎంత ఇష్టమో. విషయం ఒక్క ముక్క తెలియకుండానే ఆ పేపర్ ఎలా నడుస్తోందో పట్టుకున్నారు.

రెండో వారం ఆ పేపర్లనే టెక్స్ట్ ఫైళ్లుగా మార్చి యాంట్‌కాంక్ అనే సాఫ్ట్‌వేర్‌లో వేయిస్తాను, లారెన్స్ ఆంథొనీ తయారుచేశారు, ఉచితం. ‘షో’, ‘సజెస్ట్’, ‘ప్రూవ్’ ఏది ఎన్నిసార్లు వచ్చిందో, పక్కన ఏ మాటలున్నాయో లైన్లు లైన్లుగా కనిపిస్తాయి. మన విద్యార్థులు ‘దిస్ ప్రూవ్స్’ అని రాస్తుంటారు కదా, పది పేపర్లలో ఆ మాట ఎక్కడైనా ఉందా, ఉంటే ఎవరు ఏ సందర్భంలో రాశారు అని టీచర్ స్వయంగా వెతికితే, ఆ తర్వాత ఊహించి చెప్పడం తగ్గుతుంది.

సబ్జెక్టు ఎంత తెలియాలి అంటే నా మాట: జవాబులు తెలియనక్కర్లేదు, ఏం అడగాలో తెలియాలి.


పీరియడ్‌బెల్:

పైన ఇద్దరూ చెప్పినవి మంచివే, కానీ ఎవరూ ముట్టుకోని సంగతి ఒకటుంది. భయం.

ఇంగ్లీషు క్లాసులో అందరికంటే ఎక్కువ తెలిసింది టీచర్‌కే, ఆ ధైర్యంతోనే మనం నిలబడతాం. ఇలాంటి క్లాసులో ఎదురుగా కూర్చున్నవాళ్లకి మనకంటే ఎక్కువ తెలుసు. నాకు ఒక శుక్రవారం సాయంత్రం చెప్పారు, సోమవారం నుంచి సివిల్ ఇంజనీర్లకి క్లాసు అని. రెండు రోజులు నిద్ర లేదు. సోమవారం ఒకాయన కాంక్రీట్ ‘క్యూరింగ్’ (గట్టిపడేలా తడిగా ఉంచడం) గురించి ఏదో అడిగితే, జబ్బు నయం చేయడం తప్ప నాకు ఆ మాటకి ఇంకో అర్థం తెలియక, తెలిసినట్టు నటించి ఏదో చెప్పాను. అది నేను చేసిన పెద్ద తప్పు. పట్టుబడ్డాను, నెల రోజులు ఆ క్లాసులో తలెత్తుకోలేకపోయాను. కాబట్టి ఎర్రసిరా గారూ, మీ ఆరు వారాల్లో ‘నాకు తెలియదు, మీరు చెప్పండి, మీరు చెప్పిన తీరుని నేను చూస్తాను’ అనడం ప్రాక్టీసు చేయించండి. ఊరికే సలహాగా చెబితే రాదు. ఒకరు ఇంజనీర్‌గా నటిస్తూ అడగాలి, ఇంకొకరు నిలబడి తడబడకుండా ఆ మాట అనాలి. మొదటిసారి నోరు పెగలదు.

ఫుట్‌నోట్ గారితో ఒక్కచోట విభేదిస్తాను. జవాబులు తెలియనక్కర్లేదు అన్నారు. నేను ఆ దెబ్బ తిన్నాక మొదటి సంవత్సరం సివిల్ పాఠ్యపుస్తకం ఒకటి మొదటి నుంచి చివరి దాకా చదివాను, ఆరు నెలలు పట్టింది, లెక్కలు వదిలేశాను. తర్వాత క్లాసు పూర్తిగా మారిపోయింది. ఏం అడగాలో తెలియాలన్నా కొంచెం లోపల అడుగుపెట్టాలి కదా.

ఇంకొకటి, సబ్జెక్టు వాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చోండి అని అందరూ అంటారు. వాళ్లకి టైమ్ ఉండదు, మనల్ని స్పెల్లింగులు దిద్దేవాళ్లలా చూస్తారు. ఆ తలుపు తెరిపించే పని ట్రైనింగ్ ఇచ్చేవాళ్లది. కొత్త టీచర్ మీద వదిలేయకండి.


వార్డు4:

నేను ఇంగ్లీషు టీచర్‌ని కాదు, నర్సింగ్ చెబుతాను, అంతకుముందు చాలా ఏళ్లు వార్డులో పనిచేశాను. పీరియడ్‌బెల్ గారి చివరి మాట చూసి రాయకుండా ఉండలేకపోయాను. తలుపు తెరవని వాళ్లున్నారు, నిజమే. కానీ మా దగ్గరికి వచ్చే ఇంగ్లీషు టీచర్లు అడిగేది కూడా ఎప్పుడూ ఒకటే, "మీ సబ్జెక్టులో కష్టమైన పదాలు చెప్పండి." కష్టమైన పదాలు మా పిల్లలకి ఎలాగూ వస్తాయి, మేమే నేర్పుతాం. హైపర్‌టెన్షన్ అంటే ఏమిటో మీరు చెప్పనక్కర్లేదు.

మాకు కావలసింది వేరే. రాత్రి రెండింటికి రోగి పరిస్థితి తేడాగా ఉంటే డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేయాలి. దానికి ఎస్‌బార్ అనే వరస ఉంది: ఇప్పుడు ఏం జరుగుతోంది, వెనకటి సంగతి ఏమిటి, నేను ఏం అనుకుంటున్నాను, మీరు ఏం చేయాలి. మా పిల్లలందరికీ ఈ నాలుగూ కంఠతా వచ్చు. ఒకసారి ఒక అమ్మాయి ఫోన్ చేస్తుంటే పక్కనే ఉన్నాను. రోగి ఎప్పుడు చేరాడు, ఏ ఆపరేషన్ జరిగింది, నిన్న ఏం తిన్నాడు అని రెండు నిమిషాలు చెప్పింది. ఆక్సిజన్ తగ్గుతోందన్న మాట చివర్లో వచ్చింది. నాలుగోది అసలు రాలేదు. ‘సారీ టు డిస్టర్బ్ యూ సర్’ అని మూడుసార్లు అంది కానీ ‘మీరు వెంటనే వచ్చి చూడాలి’ అనలేకపోయింది. పెద్దవాళ్లకి ఇది చేయండి అని చెప్పడం అలవాటు లేదు, ఇంగ్లీషులో అది మర్యాదగా, గట్టిగా ఎలా అనాలో తెలియదు. గ్రామర్ ప్రకారం ఆ అమ్మాయి మాట్లాడినదాంట్లో ఒక్క తప్పు లేదు.

అక్కడ మీరు కావాలి మాకు. ఆ ఒక్క వాక్యం ‘ఐ నీడ్ యూ టు కమ్ అండ్ సీ దిస్ పేషెంట్ నౌ’ అనడానికీ, ‘ఇఫ్ పాసిబుల్ కుడ్ యూ ప్లీజ్’ అనడానికీ మధ్య తేడా ఏమిటి, ఎప్పుడు ఏది అనాలి అన్నది నేను నేర్పలేను, అది భాష తెలిసినవాళ్లు నేర్పాల్సింది.

కాబట్టి మీ ఎనిమిది మందిలో నర్సింగ్ వైపు వాళ్లని కనీసం రెండు షిఫ్టుల హ్యాండోవర్లకి, అంటే డ్యూటీ దిగే నర్సు వచ్చే నర్సుకి రోగుల సంగతి అప్పగించేటప్పుడు, తీసుకురండి. పుస్తకం మూసి, నిలబడి వినమనండి. అనుమతి ముందే తీసుకోవాలి, రోగుల పేర్లు, వివరాలు నోట్ చేసుకోకూడదు, రికార్డింగ్ అసలు వద్దు. ఎవరు ఎవరితో ఏ స్వరంలో మాట్లాడుతున్నారు, ఏది వదిలేస్తున్నారు, ఏది రెండుసార్లు చెప్తున్నారు, అంతే చూడమనండి.

మీ ‘డినైస్’ గురించి ఒక మాట. ఆ అమ్మాయి చెప్పింది సరైనదే, అలా రాయడం మాకు అలవాటు. కానీ రోగిని అనుమానించినట్టు ధ్వనిస్తోంది, మార్చాలి అని మా రంగంలోనే ఇప్పుడు కొందరు వాదిస్తున్నారు. అంటే మీ చెవికి వినపడింది తప్పేం కాదు. ఆ చెవి మాకు ఉపయోగపడుతుంది. దిద్దే ముందు మమ్మల్ని ఒక్కసారి అడగండి, అంతే.


ఫుట్‌నోట్:

వార్డు4 గారూ, చాలా థాంక్స్ అండీ. ఆ ఫోన్ కాల్ సంగతి మా వాళ్లందరికీ చదివి వినిపిస్తాను.

పీరియడ్‌బెల్ గారూ, మీరన్నదానికి ఒప్పుకుంటున్నాను, నేను మరీ తేల్చి చెప్పేశాను. మొదటి ఏడాది పుస్తకం చదవడం మంచి పనే. కాకపోతే ఎనిమిది మందికీ ఆరు వారాల్లో అది కుదరదు, ఉద్యోగంలో చేరాక మొదటి సంవత్సరం చేయాల్సిన పని కింద పెట్టొచ్చు.

ఇంకోటి గుర్తొచ్చింది. 1980 ప్రాంతంలో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో టోనీ డడ్లీ ఎవాన్స్, టిమ్ జాన్స్ అనే ఇద్దరు సబ్జెక్టు లెక్చరర్‌నీ భాష టీచర్‌నీ ఒకే గదిలో కూర్చోబెట్టి చెప్పించారు. లెక్చర్ రికార్డు చేసి, తర్వాత ఇద్దరూ కలిసి విద్యార్థులు ఎక్కడ తప్పిపోయారో వెతికేవారు. దానివల్ల లెక్చరర్లకి కూడా తమ పాఠం ఎక్కడ అర్థం కావట్లేదో తెలిసింది. పీరియడ్‌బెల్ గారు అడిగిన తలుపుకి అదొక దారి. ‘మాకు సాయం చేయండి’ అని వెళ్తే టైమ్ లేదంటారు. మీ క్లాసులో పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో చూసి చెప్తాం అని వెళ్లండి, రమ్మంటారు.


ఎర్రసిరా:

అందరికీ చేతులెత్తి నమస్కారం. నిన్న రాత్రి ఇవన్నీ రెండుసార్లు చదివి ప్లాన్ మొత్తం మార్చేశాను.

పదాల లిస్టు ఉంటుంది, కానీ నేను తయారుచేసి ఇవ్వను. ఒక్కో టీచర్ తమ శాఖ కాగితాల్లోంచి ‘తెలుసు అనుకున్నాను, తెలియదు’ అనిపించిన మాటలు రోజూ రాసుకోవాలి, ఆరో వారానికి అదే వాళ్ల లిస్టు. మొదటి వారం దిద్దడం లేదు, హెడ్‌సెట్ గారి నిబంధనే. రెండు, మూడు వారాలు ఇంజనీరింగ్ వైపు వాళ్లకి రంగుల పని, యాంట్‌కాంక్. నర్సింగ్ వైపు వాళ్లకి హ్యాండోవర్లు, అనుమతికి ఈరోజే ఉత్తరం పెట్టాను, సంతకం నాదే, టీచర్లని తిప్పను. తర్వాత ‘నాకు తెలియదు, మీరు చెప్పండి’ ప్రాక్టీసు, దానికి ఎంత టైమ్ పడితే అంత. చివరి రెండు వారాలు వాళ్లు చెప్పే నమూనా క్లాసులు, వెనక సబ్జెక్టు మనిషి ఒకరు తప్పకుండా కూర్చోవాలని షరతు పెడుతున్నాను. పైవాళ్లు ఏమంటారో చూడాలి, నేనైతే పట్టు వదలను.

మొదటి రోజు మొదటి గంటలో నా సొరుగులో ఉన్న ఆ కాగితం జిరాక్స్ తీసి పంచుతాను, ఆ అమ్మాయిని అడిగాను, పేరు తీసేసి వాడుకోమంది. దిద్దినది నేనని ముందు చెప్పను. ఏమేం తప్పులున్నాయో దిద్దమంటాను.

హెడ్‌సెట్ గారూ, ఒక్క ప్రశ్న. మొదటి వారం దిద్దవద్దు అన్నారు కదా, మరి విద్యార్థి నిజంగానే తప్పు మాట్లాడితే టీచర్ ఏం చేయాలి? ఊరుకోవాలా?


హెడ్‌సెట్:

ఊరుకోవద్దండీ, రాసుకోవాలి. మా దగ్గర రెండు నిలువు వరసల కాగితం ఒకటి ఇస్తాం. ఎడమవైపు విన్నది విన్నట్టు రాస్తారు, కుడివైపు ఖాళీ. వారం చివర్లో ఒక కంట్రోలర్ కూర్చుని కుడివైపు నింపుతారు, ఇది మా వాడుక, ఇది తప్పు, ఇది తప్పే కానీ ప్రమాదం లేదు, ఇది మాత్రం వెంటనే ఆపాలి అని. రెండో వారం నుంచి ఆ చివరి రకంతో దిద్దడం మొదలుపెడతారు. కావాలంటే ఆ కాగితం నమూనా ఇక్కడే పెడతాను, మీరు కుడివైపు పైన కంట్రోలర్ అన్నచోట నర్సు అని మార్చుకుంటే సరిపోతుంది.